పెట్టె వెళ్తుంది, మనిషి వెళ్లకూడదు

హాస్టల్, మూడో అంతస్తు, కిటికీ తలుపు పడని గది
జూన్

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, నా తలనొప్పీ. హాయిగా ఫోన్ చేయక ఈ కాగితాలేంటి అనుకుంటున్నావు కదూ? చేయకూడదు. ఈ ఆట గురించి నువ్వూ నేనూ నోటితో ఒక్క ముక్క మాట్లాడుకోకూడదు. అది మా రూలు.

ఉత్తరంతో పాటు వచ్చిన అట్టపెట్టెలో ఉన్నది నా చివరి ప్రాజెక్టు. రెండేళ్ల పీజీ మొత్తం ఆ పెట్టెలోనే ఉంది. కంప్యూటర్ గేములు తయారుచేయడం నేర్పుతామని చేర్చుకుని, కత్తెర చేతికిచ్చి అట్టముక్కలు కత్తిరించుకోమంటారేంటని మొదట్లో నేనూ ఏడ్చాను. మా గైడు వింటేనా! ముందు అట్టమీద ఆడి చూడాలి, తప్పులన్నీ అక్కడే దొరకాలి, ఆ తర్వాతే తెరమీదికి ఎక్కించాలి.

ఆడేటప్పుడు తయారుచేసిన మనిషి పక్కన కూర్చుని "అలా కాదు, ఇలా" అని అందించకూడదు. పెట్టె వెళ్తుంది, మనిషి వెళ్లకూడదు. లోపలున్న రూల్సు కాగితం చదువుకుని ఇంటివాళ్లే ఆడి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి పంపాలి. దీన్ని బ్లైండ్ టెస్ట్ అంటారు. నవ్వకు. మీ కళ్లద్దాల షాపులో కంటి పరీక్ష, మా కాలేజీలో కళ్లు మూసుకునే పరీక్ష. అలాంటి రిపోర్టులు మూడిళ్ల నుంచి తేవాలి. రెండిళ్లు దొరికాయి. మూడో ఇంటివాళ్లు నెలరోజులు పెట్టెను బీరువా మీద దాచి, తీరిక లేదని అలాగే తిరిగిచ్చారు. నాకు ఎంత ఒళ్లు మండిందో! గైడుని కాళ్లావేళ్లా పడి బతిమాలితే, "మీ అక్క ఇంతవరకూ ఈ ఆట చూడలేదు కాబట్టి సరే. కానీ నువ్వు నోరు విప్పకూడదు" అన్నారు.

ఆట పేరు "మీ వెనకెవరు?". ఒక ఆఫీసు, ఒక కౌంటరు, దాని ముందు లైను. ఇంతకంటే చెబితే తొండి అవుతుంది.

సెప్టెంబరులో జ్యూరీ. పెద్దలు కూర్చుని రిపోర్టులు చదివి, ఆట ఆడి, పాసో ఫెయిలో తేలుస్తారు. వాళ్లలో ఒకాయనది గేముల స్టూడియో. నచ్చితే మా బ్యాచ్‌లో ఇద్దరిని తీసుకుంటారట. అక్కా, నాకు ఆ చోటు కావాలి. ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం వదిలేసి వచ్చినప్పటి నుంచీ పడుతున్న మాటలు చాలు. మొన్న పెద్దమ్మ ఫోన్ చేసి "ఆటల్లో పీజీ అంటే రేపు డ్రిల్లు టీచరువి అవుతావా" అంది. పక్కగది అమ్మాయికి నేను పొద్దస్తమానం ఆడుకుంటూ ఉంటానని గట్టి నమ్మకం. తన ఉతికిన బట్టలు నా చేతికిచ్చి ఆరేయమంది. ఖాళీగానే ఉంటానుగా అట!

నువ్వూ, బావగారూ, అత్తయ్యగారూ, మీ మరిదీ కూర్చుని ఆడండి. చెల్లెలు చేసిందని కాకుండా, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పంపిందనుకోండి. విసుగొస్తే విసుగొచ్చిందని రాయి. అర్థం కాకపోతే తిట్టు. నిజంగానే తిట్టు, నాకు ఇప్పుడు తిట్లే కావాలి.

నీ
గడుగ్గాయి


కళ్లద్దాల షాపు, ఫ్రేముల బీరువా పక్కన
జూలై

ఓసి గడుగ్గాయీ,

నీ పెట్టె క్షేమంగా చేరింది. పోస్టుమాన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి "లోపల ఏదో పగిలిందమ్మా" అన్నాడు. అవి ఆట బిళ్లల చప్పుడని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ముందు ఆ కిటికీ సంగతి చూడు. వానాకాలం ముంచుకొస్తుంటే తలుపు పడని గదిలో పడుకుంటావా? వార్డెన్‌ని అడగడానికి నోరు రాలేదా? ఇంట్లో మా మీదైతే గంటలకొద్దీ లేస్తుంది ఆ నోరు.

రిపోర్టు వేరే కాగితం మీద, మీ గైడుగారికి చూపించుకునేలా నీటుగా రాసి జతచేశాను. ఆదివారం మధ్యాహ్నం నలుగురం కూర్చున్నాం. రూల్సు చక్కగా అర్థమయ్యాయి. కార్డుల మీద నువ్వు రాసినవి చదివి అత్తయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "జిరాక్స్ మర్చిపోయారు, వెనక్కి వెళ్లండి" అనే కార్డు పడినప్పుడల్లా మా మరిది నెత్తి కొట్టుకున్నాడు. మీ బావ కూడా బాగా ఆడారు. చివరికి అందరం గెలిచాం. చాలా సరదాగా గడిచింది. మార్చాల్సింది ఏమీ లేదు.

అట్ట ఒక మూల కాస్త మడత పడింది, ఏమనుకోకు. మీ బావ షాపు పనిలో తలమునకలుగా ఉన్నారు, అందుకే అందరి తరఫునా నేనే సంతకం పెట్టాను.

షాపు మామూలే. కనబడని అక్షరాలు కూడా కనబడుతున్నాయని చెప్పే మహానుభావులు తగులుతూనే ఉన్నారు. కాదంటే నేను నొచ్చుకుంటానట! తీరా అద్దాలు చేయించాక తలనొప్పంటూ వచ్చి నా ప్రాణం తోడేస్తారు.

నువ్వేం బెంగపెట్టుకోకు. నువ్వు చేసింది బాగోకపోవడమేంటి?

అక్క


హాస్టల్
ఆగస్టు

అక్కా అక్కా,

నీ రిపోర్టు చదివి మంచం మీద ఎగిరాను. మంచం విరగలేదు, ఒక చెక్క జారిందంతే. మిగతా రెండిళ్లవాళ్లూ "పర్వాలేదు" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. నీదే అసలైన రిపోర్టు. గైడు మాత్రం మొహం అదోలా పెట్టి "ఇంకో ఇంట్లో కూడా ఆడించి చూడు" అన్నారు. "అక్కర్లేదు సార్, మా అక్క అబద్ధం రాయదు" అన్నాను. ఫైల్లో అన్నిటికన్నా పైన నీదే పెట్టాను.

గడుగ్గాయి


కాలేజీ మెట్ల మీద
సెప్టెంబరు

అక్కా,

అందరం గెలిచామా? ఎలా గెలిచారే, ఎలా?

నా ఆటలో నలుగురు ఆడితే ఇద్దరే గెలుస్తారు. రెండు అర్జీ కాగితాలు లోపలికి తీసుకోగానే కౌంటరు షట్టరు పడిపోతుంది. మిగిలినవాళ్లు మర్నాడు రావాల్సిందే. ఆటంతా ఆ షట్టరు మీదే నడుస్తుంది. రూల్సు కాగితంలో మొట్టమొదటి మాట అదే. నలుగురూ గెలవడమనేది కుదరనే కుదరదు. నువ్వు రాశావు, నేను మురిసిపోయి చదివాను. నా కళ్లకి పొరలు కమ్మాయి. జ్యూరీ పెద్దాయనకి కమ్మలేదు.

ఆయన నీ కాగితం చేత్తో పట్టుకుని "ఈ ఇంట్లో నలుగురూ గెలిచారట. అదెలాగో ఆడి చూపించమ్మా" అన్నారు. రెండు పావులు జరిపేసరికే షట్టరు వేయాల్సొచ్చింది. "ఇది నువ్వే కూర్చుని రాసుకున్నావా" అని అడిగారు. లేదు సార్, మా అక్క రాసింది అన్నాను. "ఆట ఆడి రాసిందా, నీ మీద ప్రేమతో రాసిందా?" అన్నారాయన. స్టూడియో ఆయన నా ఫైలు మూసేసి, తర్వాతి అమ్మాయి ఫైలు తెరిచారు. ఆ తర్వాత మొక్కుబడిగా నా ఆట ఆడారు. ఎవరికీ దాని మీద మనసు లేదు.

ఇప్పుడు నా మీద విచారణ. దొంగ రిపోర్టు పెట్టానని తేలిస్తే కోర్సులోంచి తీసేస్తారు. ఫెయిల్ చేయడం కాదక్కా, తీసేయడం. జవాబు చెప్పుకోవడానికి నెలాఖరు దాకా టైమిచ్చారు. ఈ రెండేళ్లలో ఎంతమంది చేత చీవాట్లు తిన్నానో, ఎన్ని ఆటలు చించి పారేశానో నీకు తెలుసు. చివరికి నన్ను ముంచింది నా సొంత అక్క.

చిన్నప్పుడు పక్కింటి పిల్లలతో ఆడుతుంటే నన్ను ఆటలో అరటిపండు అనేదానివి. ఎవరికి దొరికినా నేను ఔట్ కాను, ఎంత పరిగెత్తినా లెక్కలోకి రాను. నేను ఏడుస్తానని ఆట అయిపోగానే "అందరం గెలిచాం" అని ఎత్తుకునేదానివి. అప్పుడు బాగానే ఉండేది. ఇప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఇంకా అరటిపండునేనా? ఒక్కసారైనా నన్ను లెక్కలోకి తీసుకోవా?

అసలు ఆడారా? పెట్టె విప్పారా? అది చెప్పు చాలు.

గడుగ్గాయి అని రాయబుద్ధి కావట్లేదు.

చెల్లెలు


కళ్లద్దాల షాపు
సెప్టెంబరు

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అయినా ఆ మాటలేంటే? ముంచింది నా సొంత అక్క అని చేయెలా వచ్చింది రాయడానికి? నువ్వు ఉద్యోగం మానేస్తానంటే ఇంట్లో ఒక్కొక్కరి దగ్గరా గొంతు పోయేలా వాదించింది ఎవరు? పెద్దమ్మా? పక్కగది అమ్మాయా?

పెట్టె విప్పాం. ఆడాం. అంతకంటే చెప్పడానికేం లేదు. తొందరలో ఒక మాట అటూ ఇటుగా పడింది. దాన్ని పట్టుకుని ఇంత రాద్ధాంతమా? అంతంత పెద్దవాళ్లు, వాళ్లకైనా ఉండక్కర్లేదూ?

నేను ఇంకో కాగితం రాసి పంపుతాను. రూల్సు సరిగ్గా చదవకుండా ఆడామని, పొరపాటంతా మాదేనని. నలుగురి సంతకాలూ ఉంటాయి, అది నేను చూసుకుంటాను. నువ్వు తీసుకెళ్లి చూపించు, పీడా వదిలిపోతుంది. వేళకి తిను.

అక్క


హాస్టల్
సెప్టెంబరు

అక్కా,

వద్దు. రూల్సు సరిగ్గా చదవలేదని నువ్వు రాస్తే, చదివితే అర్థమయ్యేలా రాయడం నాకు చేతకాలేదని తేలుతుంది. దొంగ అనిపించుకోవడం మాని చేతకానిది అనిపించుకోవాలి, అంతే తేడా. పైగా నలుగురి సంతకాలూ నువ్వే చూసుకుంటావా? నీకు దండం పెడతాను, ఇక నాకేం సాయం చేయకు.

కనబడకపోయినా కనబడుతోందనే కస్టమర్ల మీద నీకు ఎంత మంటో ప్రతి ఉత్తరంలో రాస్తావే, నాకు ఇప్పుడు నీ మీద సరిగ్గా ఆ మంటే. అద్దం మార్చి మార్చి ఇది నయమా, అది నయమా అని అడుగుతావు కదా. నేనూ మళ్లీ అడుగుతున్నాను. ఆ ఆదివారం ఏం జరిగింది? చెప్పాలని లేకపోతే జవాబు రాయకు.

చెల్లెలు


షాపు, మీ బావ బయటికెళ్లినప్పుడు
సెప్టెంబరు

చెల్లీ,

చెబుతాను. చదివి చించెయ్.

ఆట మొదట్లో నేను రాసినట్టే నడిచింది. అత్తయ్య నవ్వింది నిజం, మరిది నెత్తి కొట్టుకున్నది నిజం. నీ ఆటలో "ముందు మీరు కానివ్వండి" అని ఒక కార్డు పెట్టావు చూడు. మన చోటు వెనకవాళ్లకి ఇస్తే ఒక పసుపు బిళ్ల వస్తుంది. మంచితనం బిళ్ల. నాకు పడితే ఆ కార్డులే పడ్డాయి. వెనక అత్తయ్య నిలబడి ఉన్నారు, పెద్దావిడ కదా, వెళ్లమన్నాను. మరిది బతిమాలాడు, వాడికీ ఇచ్చాను. మీ బావ అడగను కూడా లేదు. తన పావు తీసి నా ముందు పెట్టేసుకోవడం, ఒక బిళ్ల నా వైపు తోసేయడం. నా వంతు వచ్చిన ప్రతిసారీ అదే వరస. నా ముందు పసుపు బిళ్లలు కుప్ప పడ్డాయి. ఎందుకో ఒకందుకు పనికొస్తాయిలే అనుకున్నాను. మీ బావ కాగితం కౌంటరులోకి వెళ్లింది, మరిది కాగితం వెళ్లింది, షట్టరు పడింది. అప్పుడు బిళ్లలతో ఏం చేయాలా అని నీ రూల్సు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఏమీ లేదు. అవి ఎందుకూ పనికిరావు.

మీ బావ నా బిళ్లలు గుప్పిట్లో గలగలలాడించి "దీనికి లైన్లో నిలబడటమే సరదా, గెలవాలని ఎక్కడుంది" అని నవ్వారు.

అంతే. అట్ట ఎత్తి గోడకేసి కొట్టాను. మూల మడత పడిందని రాశానే, అదీ కథ. అత్తయ్య బిత్తరపోయారు. "ఆటకింత కోపమేంటి" అన్నారు మీ బావ. నా కోపం ఆట మీద కాదని ఆయనకీ తెలుసు. ఈ షాపులో కొత్త మెషిన్ కొనాలన్నా, బోర్డు మార్చాలన్నా, నేను పైచదువుకి వెళ్లాలన్నా "ముందు ఇది కానియ్" అనే మాటే కదా పదేళ్లుగా వింటున్నాను. తర్వాత చాలా రోజులు షాపులో ఆయన ఆ చివర, నేను ఈ చివర. నాతో పనిపడితే కుర్చీలో కూర్చున్న కస్టమరుతో "ఆవిణ్ని అడగండి" అనేవారు.

నీ రిపోర్టు ఆ మర్నాడే రాశాను. నీ ఆట మా ఇంట్లో చిచ్చు పెట్టిందని ఎలా రాయను? రాస్తే నీ చదువు పోతుంది, నా పరువు పోతుంది. చేయి అలవాటుకొద్దీ అందరం గెలిచామని రాసేసింది.

నీ మీదా కోపం వచ్చింది, దాచను. అన్ని రూల్సు రాశావు. చోటిచ్చి వెనకబడినదాని కోసం ఒక్కటి రాయడానికి చేయి రాలేదా నీకు?

ఇది మీ గైడుకి చూపించడానికి వీల్లేదు. నా కాపురం నలుగురూ కూర్చుని చదువుకోవడానికి కాదు. నా మీద ఒట్టు.

అక్క


హాస్టల్
అక్టోబరు

అక్కా,

నువ్వు చివర్లో తిట్టావు చూడు, అలాంటి తిట్టు ఈ రెండేళ్లలో నన్నెవరూ తిట్టలేదు. మంచిగా ఉన్నవాళ్లకి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా అని బిళ్లలు పెట్టాను. పెట్టాక మళ్లీ వాటి మొహం చూడలేదు. జ్యూరీలో ఒకావిడ కూడా బిళ్లలు పోగేసుకుని, కాసేపటికి పావు వదిలేసి ఫోన్ చూసుకున్నారు. ఆవిడకి ఆడటం రాదని లోపల్లోపల తిట్టుకున్నాను. తప్పు నా ఆటదే. నాకు సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం చూపిస్తే నేను బయటపడతాను. చూపించను. నిన్న విచారణ కమిటీ ముందుకెళ్లి చెప్పాను: రిపోర్టు మా అక్కే రాసింది, అందులో ఉన్నది నిజం కాదు, నిజమేంటో నాకు తెలుసు, దాన్ని చూపించడం నా చేతిలో లేదు. గైడు తల పట్టుకున్నారు. "ఇదేం జవాబమ్మా" అన్నారు. నిజమే, ఇదేం జవాబు? వచ్చే వారం తేలుస్తారు. నేను సామాను సర్దుకుంటున్నాను. ఏడుపు కూడా రావట్లేదు, విసుగే వస్తోంది.

దీంతో ఒక కాగితం పంపుతున్నాను. కొత్త రూలు. ఎవరి చోటు తీసుకుని ముందుకెళ్తే వాళ్ల కాగితం కూడా నువ్వే మోయాలి. కౌంటరు దగ్గర ముందు వాళ్లది ఇచ్చి, ఆ తర్వాతే నీది. బిళ్లలు తీసి పారేశాను. దీనికి రిపోర్టు అక్కర్లేదు, నీకోసమే రాశాను.

చెల్లెలు


కళ్లద్దాల షాపు
అక్టోబరు

చెల్లీ,

అసలు రిపోర్టు నేరుగా మీ గైడుగారి పేరు మీద రిజిస్టర్ పోస్టులో పంపాను. ఒట్టు వేయించింది నేను, తీసేస్తున్నదీ నేనే. నువ్వు నోరు మూసుకో.

నీ కాగితం బల్ల మీద పెట్టి ఒకాయనకి కళ్లు చూస్తున్నాను. మీ బావ తీసి పైకే చదివారు. "ఇది నా గురించేనా" అన్నారు. ఆట గురించి అన్నాను. ఆ ఆట ఏమైందని అడిగారు. ఏం చేయను, నిన్ను తీసేస్తున్నారని మొత్తం చెప్పేశాను. కుర్చీలో ఆయన పాపం, కళ్లకి ఫ్రేము తగిలించుకునే అంతా విన్నాడు.

ఆ సాయంత్రం మీ బావ ఎదురుగానే రాశాను. అట్ట గోడకేసి కొట్టింది కూడా రాశాను. సంతకం పెడతారా అని కాగితం ఇచ్చాను. అంతా చదివి, ఒక్క చోట ఆగి, నేను రాసిన మాట కొట్టేసి పైన తన చేత్తో దిద్దారు. ఆ తర్వాతే సంతకం పెట్టారు. ఏం దిద్దారో మీ గైడుగారి దగ్గర నువ్వే చూడు. సిరా ఆరాక కవరు అంటించాను.

అక్క


హాస్టల్
నవంబరు

అక్కా,

నన్ను తీసేయలేదు. పాసూ చేయలేదు. జనవరిలో మళ్లీ జ్యూరీకి రావాలట, కొత్త రూలుతో, ముగ్గురు పరాయివాళ్ల ఇళ్ల రిపోర్టులతో. స్టూడియో ఆయన అప్పుడే ఇద్దరిని తీసేసుకున్నారు. అందులో ఒకమ్మాయి ఆట నేనే దిద్దిపెట్టాను. నాకు ఎంత కడుపు మండుతోందో చెప్పలేను, ఏమీ అనుకోకుండా తిట్టుకోనివ్వు.

కానీ ఇది నీకు చెప్పాలి. నీ కాగితం కమిటీలో మొదటి నుంచీ పైకి చదివారు. చదివింది ఆ జ్యూరీ పెద్దాయనే. నువ్వు అట్ట విసిరేసిన చోట కూడా ఆగలేదు. దానికి ముందు, "మా ఆయన నవ్వారు" అని నువ్వు రాసి, బావగారు కొట్టేసిన చోట ఆగిపోయారు. కాగితం దగ్గరికి తెచ్చుకుని, పైన చిన్న అక్షరాలతో ఉన్నది మెల్లగా చదివారు.

"నవ్వలేదు. వెక్కిరించాను."

ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చి అన్నారు: "ఇది ఈ అమ్మాయి రాసుకున్నది కాదు. ఇది రాయడానికి ఆ మనిషే కావాలి."

నీ
గడుగ్గాయి